తాబేళ్ల గూళ్ల గస్తీకి వెళ్లే వాలంటీర్లకు జాగ్రత్తలు

జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ జీవులు, అంటే చట్టం గట్టి రక్షణ ఇచ్చే జాబితాలోవి. అటవీ శాఖ అనుమతి లేకుండా గుడ్డు ముట్టుకోవద్దు.

తెల్ల టార్చి వద్దు. ఎర్ర కాగితం చుట్టిన లైటే, అదీ నేలవైపు. గొయ్యి తవ్వుతుండగా వెలుగు పడితే తల్లి గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోవచ్చు. ఫోన్ ఫ్లాష్ బయల్దేరే ముందే ఆపేయండి.

చేతులకు దోమల మందు రాసుకుని గుడ్లు పట్టుకోవద్దు.

అసలు పొరపాట్లన్నీ గుడ్లు హేచరీకి (గుడ్లను కాపాడి పొదిగించే చోటుకి) మార్చేటప్పుడే. పెట్టిన కొద్ది గంటల్లోనే మార్చాలి. ఆలస్యమైతే పిండం పెంకు లోపలివైపు అంటుకుంటుంది, అప్పుడు గుడ్డు దొర్లితే చచ్చిపోతుంది. బుట్ట అడుగున ఆ గూటి తడి ఇసుకే వేయండి. కొత్త గొయ్యి సుమారు 45 సెంటీమీటర్ల లోతు ఉండాలి, కూజాలా మెడ సన్నగా, అడుగు వెడల్పుగా. గుడ్ల లెక్క, తేదీ గుర్తుకర్రపై రాయండి. 45–60 రోజులకు పిల్లలొస్తాయి.