ఎలుకల మందు కేసు: రిపోర్టు ఒకటి చెబుతోంది, పేషెంట్ పరిస్థితి ఇంకోటి

ముందుగా ఆ మందు ప్యాకెట్ తెప్పించండి. ‘పాయిజన్ టెస్ట్’ అని మాత్రమే రాసి పంపితే ఏం వెతకాలో ల్యాబ్‌కు తెలియదు. ఇక్కడ చెప్పేది ఎక్కువగా రక్తం గడ్డకట్టనివ్వని రకాల గురించి, అంటే బ్రోడిఫాకమ్, బ్రోమాడియోలోన్ లాంటివి.

తిని ఆరు గంటలైంది, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చెప్పే పరీక్ష) నార్మల్‌గానే ఉంది

దీన్ని చూసి ఇంటికి పంపేయకండి. ఈ మందు విటమిన్ కె తిరిగి వాడకంలోకి రాకుండా అడ్డుపడుతుంది. దాంతో కొత్తగా తయారయ్యే 2, 7, 9, 10 ఫ్యాక్టర్లు (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లు) పనిచేయవు. అప్పటికే రక్తంలో ఉన్నవి మాత్రం కొంతకాలం పనిచేస్తూనే ఉంటాయి. 24 గంటలకు, మళ్లీ 48 గంటలకు ఐఎన్‌ఆర్ చేయించండి. ఈలోగా ‘ఎందుకైనా మంచిది’ అని విటమిన్ కె ఇస్తే ఐఎన్‌ఆర్ పెరగడం ఆలస్యమై, విషయం మరుగున పడిపోతుంది.

రక్తం కారుతోంది, వార్ఫరిన్ పరీక్షలో ఏమీ లేదు

వార్ఫరిన్ కూడా రక్తం గడ్డకట్టనివ్వని మందే, కానీ వార్ఫరిన్ పరీక్షకు వార్ఫరిన్ మాత్రమే దొరుకుతుంది. బ్రోడిఫాకమ్ కోసం ఎల్‌సీ-ఎంఎస్ పద్ధతిలో (పదార్థాలను విడదీసి, అణువు బరువును బట్టి గుర్తించేది) సూపర్‌వార్ఫరిన్ ప్యానెల్, అంటే బ్రోడిఫాకమ్ లాంటి మందులన్నిటి పరీక్ష, విడిగా అడగాలి. రిపోర్టు వచ్చేదాకా వైద్యం ఆపకూడదు.

విటమిన్ కె ఇచ్చినా ఐఎన్‌ఆర్ దిగడం లేదు

డోసు చాలకపోవచ్చు. లేదా తిన్నది పసుపు భాస్వరం పేస్టు అయి, లివర్ దెబ్బతిని ఉండొచ్చు. ఫ్యాక్టర్ 5 చేయించండి. దాని తయారీకి విటమిన్ కెతో పని లేదు. అది కూడా తగ్గి ఉంటే ముందు లివర్ సంగతి చూడాలి.

ఖాళీ శాంపిల్‌లోనూ బ్రోడిఫాకమ్ పీక్ (గ్రాఫ్‌లో శిఖరం) వస్తోంది

ల్యాబ్ వాళ్లను ఎక్కువగా టెన్షన్ పెట్టేది ఇదే. ఈ అణువు కొవ్వుల్లో కరిగే రకం, మెషీన్‌లో పదార్థాలను విడదీసే గొట్టానికీ (కాలమ్) శాంపిల్ ఎక్కించే సూదికీ అంటుకుంటుంది. ముందు నడిపిన ఎక్కువ మోతాదు శాంపిల్ తాలూకు మిగులు తర్వాతి దానిలో కనిపిస్తుంది. ఎక్కువ మోతాదు తర్వాత ప్రతిసారీ బ్లాంక్ (విషం లేని ఖాళీ శాంపిల్) నడపండి, సూదిని ఆర్గానిక్ ద్రావణంతో గట్టిగా కడగండి. పీక్ నిజంగా బ్రోడిఫాకమ్‌దేనా అని చూడటానికి మంచి గుర్తు ఒకటుంది. అందులో బ్రోమిన్ ఉంటుంది కాబట్టి నెగటివ్ మోడ్‌లో (రుణావేశ అయాన్లను కొలిచే పద్ధతి) 521, 523 బరువుల దగ్గర రెండు పీక్‌లూ దాదాపు సమాన ఎత్తులో రావాలి. ఒక్కటే వస్తే నమ్మకండి.

ఐఎన్‌ఆర్ అకారణంగా పెరిగి కనిపిస్తే ముందు సిట్రేట్ ట్యూబు (గడ్డకట్టకుండా రక్తం తీసే ట్యూబు) గీత దాకా నిండిందో లేదో చూడండి. సగమే నిండితే తప్పు ఫలితం వస్తుంది.

ఐఎన్‌ఆర్ సరైపోయింది, విటమిన్ కె ఆపగానే మళ్లీ రక్తం

ఐఎన్‌ఆర్ సరైంది విటమిన్ కె వల్ల. విషం లోపల అలాగే ఉంది. బ్రోడిఫాకమ్ సగానికి తగ్గడానికే వారాలు పడుతుంది, అందుకే వైద్యం నెలల తరబడి సాగుతుంది. రక్తంలో దాని మోతాదును మధ్యమధ్య కొలిపించండి. మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల కంటే తగ్గాక విటమిన్ కె ఆపడం గురించి ఆలోచించవచ్చు. ఆపిన తర్వాత కూడా రెండు మూడు రోజులకోసారి, తర్వాత వారానికోసారి ఐఎన్‌ఆర్ చేయించాలి.