తాగుడు మానదలచిన వారు మీటింగును వెతుక్కోవడం ఎలా

గోదావరి డెల్టా ఊళ్లలో ఎవరి గుమ్మంలోకి ఎవరు వెళ్లారో పొద్దుగూకేలోపు కాలువ గట్టు మీద అందరికీ తెలిసిపోతుంది. తాగి పడిపోయినప్పుడు పదిమందీ చూసినా కలగని సిగ్గు, మానడానికి వెళ్తుంటే ఎవరి కంటైనా పడతామేమోనని మాత్రం కలుగుతుంది. మా బాబాయి ఆ భయంతోనే రెండేళ్లు వాయిదా వేశారు. ఈ మాట ఆయన అనుమతితోనే రాస్తున్నాను. కాబట్టి తాగుడు మానదలచినవారు ఒకచోట కూర్చుని తమ సంగతులు చెప్పుకునే మీటింగు మీ ఊళ్లోనే ఉండాలని పట్టుబట్టకండి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వైపు దాటవలసి వచ్చినా, రావులపాలెం మీదుగా బస్సులో రాజమహేంద్రవరం దాకా పోవలసి వచ్చినా, ముఖపరిచయం లేని వారి మధ్య నోరు విప్పడమే చాలామందికి తేలికగా ఉంటుంది.

మీటింగు కన్నా ముందు చూసుకోవలసినది ఒకటుంది. ఏళ్ల తరబడి రోజూ తాగేవారు ఒట్టు పెట్టుకుని ఒక్కసారిగా మానేయకూడదు. చివరిసారి తాగిన 6 గంటల నుంచే చేతుల వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలుకావచ్చు; తొలి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు; రెండు మూడు రోజులు గడిచాక కొందరికి లేని మనుషులు కనిపించి, మాట తడబడి, జ్వరంతో ప్రాణం మీదికి వస్తుంది. దీన్ని ఇంట్లోవాళ్లు గాలి సోకిందని భ్రమపడి తాయెత్తు కట్టించి కాలయాపన చేసిన సందర్భాలు నేనెరుగుదును. అప్పుడు వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది; మీకు దగ్గరలో మానసిక వైద్యులెవరున్నా సరే. వణుకు తగ్గే మందులు, బి1 విటమిను వైద్యుని పర్యవేక్షణలోనే తీసుకోవాలి. మీటింగు ఆ తరువాతి బతుకుకు అండగా నిలుస్తుంది.

ఎక్కువగా వినిపించే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో, తాగుడుతో చితికిపోయిన ఇద్దరు మనుషులు, ఒక షేర్ల వ్యాపారి, ఒక శస్త్రవైద్యుడు, ఒకరికొకరు తోడుగా మానుకోవడంతో ఇది మొదలైంది. తాగుడు మానాలన్న కోరిక తప్ప సభ్యత్వానికి వేరే అర్హత లేదు. రుసుము లేదు, ఖర్చులకు సభ్యులే తోచినంత వేసుకుంటారు. మీటింగులు తరచు చర్చి ఆవరణలోనో బడి గదిలోనో జరుగుతాయి కనుక ఇదేదో మతప్రచారమని కొందరు వెనుదిరుగుతారు. అది చోటు దొరికే వీలును బట్టి జరిగేదే. ఏఏ ఏ మతానికీ చెందదు.

చిరునామా కోసం ఏఏ భారతదేశ కార్యాలయపు వెబ్‌సైట్ చూడవచ్చు. మత్తు విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416. రెండూ ఉచితమే, రెండవదానిలో తెలుగులో మాట్లాడవచ్చు. మానసిక వైద్యులను, డీ అడిక్షన్ కేంద్రంలోని కౌన్సిలర్లను అడిగితే దగ్గరి గ్రూపు సంగతి చెప్పగలరు. అయితే చేతికందిన జాబితాను నమ్మి బయలుదేరకండి. మేము మొదటిసారి ఒక పాత కాగితంలోని చిరునామా పట్టుకుని వెళితే గేటుకు తాళం వేసి ఉంది. గ్రూపు ఎప్పుడో వేరే చోటికి మారిందట. తిరుగు ప్రయాణంలో బాబాయి బస్టాండు పక్క మందు దుకాణం దగ్గర దిగిపోయారు. ఆ తరువాత ఆయనను మళ్లీ ఒప్పించడానికి నాలుగు నెలలు పట్టింది. అందుచేత వెళ్లే రోజే ఫోన్ చేసి, ఈవేళ మీటింగు ఉందా, తెలుగులోనే మాట్లాడతారా, గది ఏ సందులో ఉంది, ఎన్నింటికి ముగుస్తుంది అని అడిగి, ఆఖరి బస్సు వేళతో సరిచూసుకోండి. ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అని కూడా అడగాలి: మొదటిదానికి ఇంటివారు తోడు రావచ్చు, రెండవది తాగుడు సమస్య ఉన్నవారికి మాత్రమే.

మేము వెళ్లినది ఒక బడి గది, గోడకు ఎక్కాల పటం, చిన్నపిల్లల బెంచీలు. బాబాయి టీ గ్లాసు అందుకోగానే చేయి వణికి చొక్కా మీద ఒలికింది. పక్కనున్న పెద్దాయన ఏమీ అనకుండా ఆ గ్లాసును తీసుకుని, సగం టీ తన గ్లాసులోకి వంచుకుని, సగమున్నదాన్ని తిరిగి చేతికిచ్చారు. ఆ సగం ఒలకలేదు. అక్కడ విన్నది బయట చెప్పకూడదు కనుక టీ సంగతి మాత్రమే రాస్తున్నాను. మీరు ఇంటిపేరు చెప్పనక్కరలేదు, మాట్లాడక ఊరికే కూర్చున్నా ఎవరూ నొచ్చుకోరు. లేచేముందు మాత్రం ఒకరిద్దరి ఫోన్ నంబర్లు తప్పక తీసుకోండి. సంక్రాంతికి బరుల దగ్గర స్నేహితులు పిలిచినప్పుడు, తీర్థంలో బంధువులు గ్లాసు చేతిలో పెట్టబోయినప్పుడు, ఆ నంబరుకే ఫోన్ చేయాలి.

తాగేవారి ఇంట్లోవారికి అల్-అనాన్ అనే వేరే సంఘం ఉంది; మనిషి మానినా మానకపోయినా భార్య, తల్లి దానికి వెళ్లవచ్చు. దాళ్వా కోతల వేళ, చెరువుల్లో రొయ్యల పట్టుబడి ఉన్న వారాల్లో ప్రయాణం కుదరకపోతే ఆన్‌లైన్ మీటింగుల వివరాలు గ్రూపువారినే అడగండి. మొదటి గ్రూపులో మనసు కుదరకపోతే మరో పట్టణంలోని గ్రూపుకు వెళ్లి చూడండి, బాబాయి స్థిరపడినది మూడవ గదిలో.