పాత ఫైబర్ పడవ కొనేముందు వెనక గోడ తట్టి చూడండి
లక్నవరం, పాకాల వైపు పాత ఫైబర్ పడవ చవగ్గా దొరికిందని, అందులోనూ లోపలి ఇంజిన్ తీసేసి అవుట్‌బోర్డ్ (వెనక గోడకు బయట తగిలించే ఇంజిన్) పెట్టిందైతే, రంగు చూసి మురిసిపోకండి. ఇంజిన్ బరువంతా మోసేది వెనక గోడే, చాలా పాత పడవల్లో దాని ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోండి, పాత ఇంజిన్ కోసం కోసిన కంత మూసిన చోట ఇంకాస్త ఎక్కువగా. టక్ టక్ అంటే సరే, మెత్తగా మోగితే డౌటే. అప్పుడు లోపలివైపు నుంచి, కింది భాగంలో, బయటి పొర తగలకుండా 6 ఎంఎం డ్రిల్ బిట్‌తో రంధ్రం వేయండి. పొట్టు పొడిగా వస్తే అదృష్టం. నల్లగా, తడి టీపొడిలా వచ్చిందా, ప్లైవుడ్ మార్చాల్సిందే, పైన ఎన్ని పూతలేసినా దండగ (నేను వేశాను, ఒక్క వానాకాలం కూడా ఆగలేదు). చూశాక ఆ రంధ్రాన్ని ఎపాక్సీ జిగురుతో మూసేయండి.