దీవికి సద్దిమూట – 3వ పాఠం: పొయ్యి లేని ఉగ్గాని

గత పాఠంలో మనిషికి రోజుకు ఎన్ని నీళ్లు కావాలో లెక్క వేసుకున్నాం. ఈ పాఠంలో ఉగ్గాని, అంటే తడిపిన బొరుగులకు (మరమరాలకు) పోపు కలిపి చేసే వంటకం, మొదలుపెడదాం. అయితే ఈ వంటంతా అనంతపురంలోనే, మన ఇంటి పొయ్యి మీదే జరగాలి. అండమాన్‌లో గుడారం దగ్గర నిప్పు ఉండదన్న లెక్కతోనే మూట కట్టుకోవాలి. గ్యాస్ డబ్బాను విమానంలో ఎక్కడ పెట్టినా ఒప్పుకోరు. కట్టెలు ఏరి మంట వేద్దామన్నా, తీరం వెంట చాలావరకు అటవీ భూమి. అక్కడ నిప్పు రాజేయకూడదు.

మన జిల్లాల నుంచి వెళ్లేవాళ్లు ముందుగా వదులుకోవాల్సిన నమ్మకం ఒకటుంది: ఎండినదేదైనా నిలవ ఉంటుందని. అనంతపురంలో ఏడాదికి కురిసే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. 2024 నుంచి శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌లో అది 3,000 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఇక్కడ గుడ్డలో చుట్టిపెట్టిన ఎండు జొన్నరొట్టె రోజుల తరబడి పెళపెళలాడుతుంది. అక్కడి సముద్రపు గాలి తగిలితే మెత్తబడుతుంది, ఆ వెనుకే బూజు పడుతుంది.

వేరుశనగ గింజల విషయంలో ఇది రుచితో పోయే సంగతి కాదు. తేమ తగిలిన గింజల మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మళ్లీ వేయించినా పూర్తిగా పోదు. వాసన మారిన గింజలను నిర్మొహమాటంగా పారేయండి.

కాబట్టి మెత్తబడినా చెడని తిండినే ఎంచుకుందాం. నా దృష్టిలో అందులో మొదటి స్థానం బొరుగులదే. ఉగ్గానికి వాటిని ఎలాగూ తడుపుతాం కదా! నిప్పట్లు, చక్లాలు కరకర పోయాక తినబుద్ధి కాదు. వాటిని విమానం ఎక్కేలోపు, రైల్లోనే ముగించండి.

ఇద్దరికి మూడు పూటలకు సరిపడా పోపు ఇంట్లోనే చేసుకోవాలి. కరివేపాకును కడిగి, నీడన ఒక రోజు ఆరనివ్వండి. బాణలిలో కప్పు కంటే కొంచెం తక్కువ నూనె కాచి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి వేయండి. అవి చిటపటమన్నాక మంట బాగా తగ్గించి కరివేపాకు వేయండి. మొదట నూనెలో బుడగలు గలగలా లేస్తాయి. ఆకులోని నీరు బయటికి పోతున్నదనడానికి అదే గుర్తు. బుడగలు పూర్తిగా ఆగి, ఆకు వేళ్ల మధ్య పొడిపొడిగా నలిగే దాకా తొందరపడవద్దు. పోపు చెడేదంటూ ఉంటే ఆకులో మిగిలిన ఆ కాస్త నీటి వల్లే చెడుతుంది. దించాక పసుపు వేసి, పూర్తిగా చల్లారాక తడిలేని సీసాలో పోయండి. వేడి మీద మూత పెడితే ఆవిరి చెమ్మగా మారి మళ్లీ లోపలికే చేరుతుంది.

పుట్నాల పప్పును ఎండుమిర్చితో కలిపి పొడి కొట్టండి. అందులో ఉప్పు కలపవద్దు. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు తనంత తానే నీటిని లాక్కొని కరుగుతుంది. పొడిని ముద్ద చేసేది ఇదే. ఉప్పును వేరే పొట్లం కట్టి, తినే ముందు కలుపుకోండి. మనం పొడుల్లో వేసుకునే ఎండుకొబ్బరిని కూడా ఈసారికి మానేయండి. నూనె ఎక్కువగా ఉండి తనంత తానే వేడెక్కే గుణం వల్ల దాన్ని విమానంలో తీసుకెళ్లనివ్వరు. కారం, పోపు సీసా చేతి సంచిలో కాకుండా పెద్ద పెట్టెలో వెళ్లాలి.

ఒక మనిషికి ఒక పూటకు 75 గ్రాముల బొరుగులు, 40 గ్రాముల పప్పుల పొడి, 30 గ్రాముల వేయించిన వేరుశనగ గింజలు పెట్టుకోండి. పోపులోని నూనెతో కలిపి 700 క్యాలరీలకు పైగానే అందుతాయి. బొరుగులను, గింజలను, పొడిని ఏ పూటకు ఆ పూట విడివిడిగా గాలి చొరకుండా కట్టాలి. పెద్ద డబ్బా అయితే మూత తీసిన ప్రతిసారీ మిగతా రోజుల తిండికీ తేమ తగులుతుంది.

అక్కడ చేయాల్సింది కొంచెమే. ఇంట్లోలాగా బొరుగులను నీళ్లలో ముంచి పిండితే మంచినీళ్లు దండగ. మనిషికి అర గ్లాసు నీళ్లు చిలకరించి, కలిపి, రెండు నిమిషాలు మూత పెట్టండి. తర్వాత పోపు, పొడి, గింజలు, ఉప్పు, నిమ్మరసం కలపండి. ఉల్లిపాయ మీకు ఇష్టముంటే సరి. గిన్నె కడగడానికి మాత్రం ఉప్పుటేరులోకి దిగవద్దు. అండమాన్‌లోని మడ అడవుల ఏర్లలో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. కాగితంతో తుడిచి, ఆ చెత్తను వెంట తెచ్చేయండి.

ఈ వారం అభ్యాసం: ఒక పూట పొట్లాలను కట్టి, అలాంటివే మరో పూటవి విప్పి, రెండింటినీ స్నానాల గదిలో ఉంచండి. పక్కన ఒక పళ్లెంలో చిటికెడు ఉప్పు, ఒక బకెట్టు వేడినీళ్లు పెట్టి, రాత్రంతా తలుపు మూసేయండి. తెల్లారేసరికి ఉప్పు నీరు కారితే గదిలో దీవి గాలి పుట్టినట్టే. కట్టిన పొట్లంలోని బొరుగు పళ్ల కింద కరకరమంటే మీ కట్టు సరైనది. సాగితే కట్టు మార్చి మళ్లీ చూడండి. వచ్చే పాఠంలో మూటను సన్యాసి పీతలకు (ఖాళీ గుల్లల్లో దూరి తిరిగే పీతలు), ఎలుకలకు అందకుండా వేలాడదీసే ముడులు నేర్చుకుందాం. అందుకు పది అడుగుల నైలాన్ తాడు సిద్ధంగా ఉంచుకోండి.