మింగలేని మాత్ర, నూరకూడని మాత్ర

వృద్ధుల వార్డులో నేను చూసుకుంటున్న ఒక పెద్దావిడకు ఉదయం మందులు వేసిన గంట రెండు గంటల్లోనే కళ్లు తిరగడం, రాత్రికి మళ్లీ రక్తపోటు పెరగడం కొంతకాలంగా జరుగుతుండేది. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడిన 3 నిమిషాల లోపు మరోసారి బీపీ చూస్తే పై అంకె 20 కంటే ఎక్కువే పడిపోతోంది. పైబడిన వయసులో ఇది మామూలేనని రాసి వదిలేయవచ్చు గాని, మందు వేళకూ ఆ తూలుడుకూ ఉన్న పొంతన నన్ను ఆలోచింపజేసింది.

మందులు ఇచ్చేటప్పుడు పక్కనే నిలబడి గమనించాను. ఆవిడకు మింగడం కష్టమవుతోందని సహాయకురాలు మాత్రలన్నీ కలిపి నూరి, మెత్తని ఆహారంలో పెట్టి తినిపిస్తోంది. వాటిలోని బీపీ మాత్ర పేరు చివర ‘ఎక్స్‌ఎల్’ అని ఉంది. అంటే, రోజంతా కొద్దికొద్దిగా విడుదల కావలసిన మందు నూరడం వల్ల ఒక్కసారిగా ఒంట్లోకి చేరి, ఆ తర్వాత త్వరగా తగ్గిపోతోంది.

ఫార్మసిస్టుతో కలిసి జాబితా మొత్తం సరిచూసి డాక్టరుగారికి తెలియజేయగా, ఆయన అదే మందును నూరడానికి వీలైన సాధారణ రకానికి మార్చి, మోతాదును రెండు పూటలకు విభజించారు. పేగులో కరిగేలా పైపూత ఉన్న మరో మాత్రకు బదులుగా ద్రవరూపం రాశారు. మింగడంలోని ఇబ్బందిని, మాటతో పాటు మింగే సమస్యలనూ చూసే స్పీచ్ థెరపిస్టుతో పరీక్ష చేయించారు. నా ఉద్దేశంలో అన్నిటికంటే ముందు జరగవలసింది అదే. నూరకూడని మందుల జాబితాను గోడమీద అంటిస్తే హడావుడిలో ఎవరూ చూడరు కనుక, ‘నూరరాదు’ అన్న మాటను మందుల చార్టులో ఆయా మందుల పేర్ల పక్కనే రాయించాను. ఇప్పుడు ఆవిడ నిలబడినప్పటి రీడింగులు నిలకడగా ఉంటున్నాయి.