దంపతులతో మొదటి గంట (క్రైస్తవ కుటుంబ కౌన్సెలింగ్ నేర్చుకుందాం: 4వ పాఠం)

వెనకటి పాఠాల్లో మన సొంత సంసారాల నుంచి మనం మోసుకొచ్చే అభిప్రాయాల గురించీ, ఓపిగ్గా వినడం గురించీ చదివారు. ఈసారి దంపతులు నిజంగానే వచ్చి మీ ఎదుట కూర్చుంటారు. ఆ మొదటి గంట ఎలా నడపాలన్నదే ఈ పాఠం.

మన సంఘాల్లో భార్యాభర్తల గొడవ పాస్టరు అయ్యగారి దాకా వచ్చిందంటే అది చాలాచోట్ల పంచాయితీయే అవుతుంది. అటువైపు నలుగురు, ఇటువైపు నలుగురు, మధ్యలో సంఘ పెద్దలు. తప్పెవరిదో తేల్చి, ఇద్దరికీ నాలుగు చీవాట్లు పెట్టి, చేతులు కలిపించి, ప్రార్థన చేసి పంపేస్తారు. నెల తిరక్కుండానే ఆమె మళ్ళీ పుట్టింటికి చేరుతుంది. తీర్పు చెప్పే కుర్చీలో ఒకసారి కూర్చున్నాక ఇక ఆ ఇద్దరిలో ఎవరూ మీకు నిజం చెప్పరు, గెలవడానికి పనికొచ్చేదే చెబుతారు. కాబట్టి ఆ కుర్చీ ఎక్కకుండా గంట గడపడమే ఈ పాఠంలో మీరు నేర్చుకోవలసిన విద్య.

అభ్యాసం కోసం ఒక జంటను ఊహించుకుందాం. గోదావరి జిల్లాల్లో ఒక పల్లె. భార్య ఆరేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది. భర్త ఇక్కడే ఉండి పిల్లల్ని చూసుకున్నాడు, ఆమె పంపిన డబ్బుతో స్లాబు ఇల్లు కట్టించాడు. ఆమె తిరిగొచ్చి కొన్ని నెలలైంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక భర్త మీ దగ్గరికొచ్చి, "అయ్యగారూ, మా ఆవిడ మందిరానికి రావట్లేదు. నా మాట అసలు వినట్లేదు. మీరొకసారి గట్టిగా చెప్పండి" అంటాడు.

ఆ చివరి మాట దగ్గర జాగ్రత్త. సాయం అడుగుతున్నట్టే ఉంటుంది గానీ మిమ్మల్ని తన పక్షాన నిలబెట్టుకుంటున్నాడు. సామెతలు 18:17 చెప్పేది ఇదే: మొదట మాట్లాడినవాడి పక్షం న్యాయంగానే కనబడుతుంది, ఎదుటివాడు వచ్చాక గానీ సంగతి తేటపడదు. అందుకని, "చెప్పే సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇద్దరి మాటా వింటాను. ఆమెకు ఇష్టమేనా అని నేనే ఫోన్ చేసి అడుగుతాను" అనండి. ఆ ఫోన్ మీరే చేయాలి. భర్తతో కబురు పంపిస్తే ఆమెకు అది సమన్లలాగే వినిపిస్తుంది.

కూర్చునే చోటు గురించి ఎక్కువ చెప్పను. మూడు కుర్చీలు, ముగ్గురికీ ముగ్గురి ముఖాలూ కనబడేలా వేయండి. మధ్యలో బల్ల వద్దు. మీరు మగవారైతే పాస్టరమ్మగారో, తర్ఫీదు ఉన్న మరో స్త్రీయో మొదటి నుంచీ నాలుగో కుర్చీలో మీతో కూర్చోవాలి. ఒక స్త్రీతో మీరొక్కరే తలుపు వేసుకుని మాట్లాడకూడదు. అత్తగారు కూడా బయల్దేరి వస్తే, "అమ్మా, మీ మాట కూడా వింటాను, దానికి వేరే రోజు పెట్టుకుందాం" అని మర్యాదగా, స్పష్టంగా చెప్పండి. మొహమాటానికి లోపలికి రానిస్తే ఆ గంట ఇక ఆవిడదే.

అందరూ కూర్చున్నాక రహస్యం సంగతి నోటితో చెప్పండి. వాళ్ళకు తెలిసే ఉంటుందిలే అనుకోవద్దు. సంఘంలో కుటుంబాల గుట్టు ఎక్కువగా బయటికి పొక్కేది ప్రార్థన అంశాల దారిలోనే. "ఫలానా సహోదరి కుటుంబం కోసం భారంగా ప్రార్థన చేయండి" అని శుక్రవారం కూడికలో ఒక్క మాట చాలు, ఆదివారానికి ఊరంతా తెలిసిపోతుంది. పేరు చెప్పకపోయినా అంతే, పల్లెటూళ్ళో కువైట్ నుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది ఉంటారు? కాబట్టి ఇలా చెప్పండి: "మీరు చెప్పింది కూడికలో గానీ, ప్రసంగంలో గానీ, వాట్సాప్ గ్రూపులో గానీ రాదు. ప్రార్థన అంశంగా కూడా రాదు. అయితే ఒకరి ప్రాణానికి ముప్పు ఉన్నా, పిల్లలకు హాని జరుగుతున్నా దాచలేను." ఈ రెండు మినహాయింపులూ ముందే చెప్పాలి. విషయం బయటపడ్డాక చెబితే మోసం చేశారనుకుంటారు.

రెండో మినహాయింపు మీ దయాదాక్షిణ్యాల మీద ఆధారపడింది కాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. దాచిపెడితే ఆరు నెలల దాకా జైలుశిక్ష పడవచ్చు. పాస్టరుకని ఆ చట్టంలో వేరే వెసులుబాటు లేదు.

ఇప్పుడు ఇద్దరితోనూ విడివిడిగా ఇరవై నిమిషాల చొప్పున మాట్లాడండి. దంపతులన్నాక కలిసే వినాలి కదా అని చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. దాటొద్దు. భర్త పక్కనుండగా, "ఇంట్లో మీకు భయంగా ఉంటుందా?" అని భార్యను అడిగితే ఏం చెబుతుంది? లేదనే చెబుతుంది. విడిగా ఉన్నప్పుడు సూటిగా అడగండి: ఆయన చెయ్యి చేసుకుంటారా? ఎప్పుడైనా గొంతు పట్టుకున్నారా? ఫోన్ లాక్కోవడం, గడప దాటనివ్వకపోవడం ఉందా? చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా? చివరి ప్రశ్న అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అని భయపడతారు. పుట్టదు. ఉన్న ఆలోచన చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. భర్తనూ ఇవే ప్రశ్నలు అడగండి. భయం మగవాళ్ళకూ ఉంటుంది, చెప్పుకోవడానికి సిగ్గు ఇంకా ఎక్కువ.

హింస ఉందని తేలితే ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టే పని అక్కడితో ఆపేయండి. మీ ఎదుట ఆమె చెప్పిన ప్రతి మాటకూ ఇంటికెళ్ళాక దెబ్బలు పడతాయి. గొంతు నొక్కడం జరిగి ఉంటే అది ప్రాణాపాయానికి గట్టి సూచన, మామూలు గొడవల్లో కలపొద్దు. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112, హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే, జిల్లా కేంద్రంలోని సఖి వన్ స్టాప్ సెంటర్, మనసు కుంగిపోయినవారికి టెలీ మానస్ 14416. ఈ నంబర్లు ఈరోజే మీ బైబిలు అట్ట లోపల రాసిపెట్టుకోండి. 2005 గృహహింస చట్టం ప్రకారం ఆమె ఆ ఇంట్లోనే ఉంటూ రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. రక్షణ కావాలంటే విడాకులు తీసుకోవలసిందే అని అనుకునేవాళ్ళు మన సంఘాల్లో చాలామంది.

ఇక్కడ వాక్యం గురించి ఒక మాట. భార్యను విడనాడడం దేవునికి అసహ్యమని మలాకీ 2:16 ఎత్తి, దెబ్బలు తిన్న ఆడపిల్లను తిరిగి ఆ ఇంటికే పంపడం నేను చాలాసార్లు విన్నాను. అదే వచనం బలాత్కారం కూడా ఆయనకు అసహ్యమని చెబుతుంది. సగం వచనంతో కౌన్సెలింగ్ చేయకండి. అలాగే "మన క్రైస్తవులకు విడాకులు లేవు" అని చట్టం పేరు చెప్పి భయపెట్టొద్దు. 1869 నాటి విడాకుల చట్టం మనకు వర్తిస్తుంది. 2001లో దాన్ని సవరించి పరస్పర అంగీకారంతో విడిపోయే వీలు కూడా చేర్చారు. మీ సంఘ సిద్ధాంతం మీరు చెప్పుకోవచ్చు. చట్టం గురించి అడిగితే మాత్రం వకీలు దగ్గరికి పంపండి.

మన జంటలో హింస లేదనుకుందాం. విడిగా మాట్లాడినప్పుడు భార్య ఇలా అంది: "ఇల్లు నా డబ్బుతో కట్టారు, కాగితాలు మా అత్తగారి పేరున ఉన్నాయి. పిల్లలు అన్నం కావాలన్నా వాళ్ళ నాన్ననే అడుగుతారు. చుట్టపుచూపుగా వచ్చినట్టుంది నాకు. మందిరానికొస్తే కువైట్ నుంచి ఏం తెచ్చావని అడిగేవాళ్ళే అందరూ." మందిరానికి రాకపోవడం అసలు రోగం కాదని మీకిప్పుడు తెలిసింది. తెలిసింది కదా అని కలిసి కూర్చున్నప్పుడు మీరు బయటపెట్టకూడదు. "కాగితాల సంగతి ఆయన ముందు మీరే చెబుతారా, నన్ను అడగమంటారా, ఇప్పటికి వదిలేద్దామా?" అని ఆమెనే అడగండి. వదిలేద్దామంటే వదిలేయండి.

ఆఖరి ఇరవై నిమిషాలు కలిపి కూర్చోబెట్టండి. నియమం ఒక్కటే: ఒకరన్నది రెండోవాళ్ళు తమ మాటల్లో తిరిగి చెప్పాకే జవాబు. అది ఇలా సాగుతుంది.

భర్త: ఆరేళ్ళు పిల్లల్ని నేనే పెంచాను. వచ్చిన దగ్గర్నుంచి ప్రతిదానికీ లెక్క అడుగుతుంది.

మీరు: అమ్మా, జవాబు తర్వాత. ఆయన ఏమన్నారో ముందు మీ మాటల్లో చెప్పండి.

భార్య: నాకు డబ్బు పిచ్చి అంటున్నాడు.

మీరు: బాబూ, నువ్వన్నది అదేనా?

భర్త: అది కాదండీ. చిన్నదానికి డెంగీ వచ్చినప్పుడు హాస్పిటల్లో రాత్రంతా ఒక్కడినే కూర్చున్నాను. అవేవీ ఎవరి లెక్కలోకీ రాలేదు.

భార్య: నాకా సంగతి ఫోన్లో చెప్పలేదే!

భర్త: చెబితే అక్కడ ఏం చేస్తావు, ఏడవడం తప్ప.

ఇక్కడ మీరు చేయవలసింది ఊరుకోవడం. ఒక నిమిషం ఎవరూ మాట్లాడకపోతే మీకు టెన్షన్ వస్తుంది, నోటి చివరికి "ప్రార్థన చేద్దామా" అన్న మాట వచ్చేస్తుంది. ఆపుకోండి. ఇబ్బందిగా ఉన్నప్పుడు ప్రార్థనలోకి తప్పించుకోవడం మనకు బాగా అలవాటు. కష్టాల్లో పడ్డ యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేలమీద మౌనంగా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు, నోళ్ళు తెరిచాకే ఇబ్బంది మొదలైంది. ఆ డెంగీ రాత్రి గురించి ఆమె ఇంకో ప్రశ్న అడిగే దాకా ఆగండి. సాధారణంగా అడుగుతుంది.

గంట ముగిసేటప్పుడు సలహాలు వద్దు. వచ్చేవారం ఏ రోజు, ఎన్నింటికి అన్నది తేల్చుకుని, ప్రార్థన కావాలా అని అడగండి. కావాలంటే చిన్నగా చేయండి. ఆ ప్రార్థనలో "ఈ సహోదరికి లోబడే మనసు దయచేయండి" అన్నారంటే గంటసేపు చెప్పకుండా ఆపుకున్న తీర్పును కళ్ళు మూసుకుని చెప్పేసినట్టే. భార్యలు భర్తలకు లోబడమనే ఎఫెసీయులకు 5:22 కంటే ముందు 5:21 ఉంది, ఒకరికొకరు లోబడమని.

ఈ వారం అభ్యాసం. మీ భాగస్వామితోనో, స్నేహితుడితోనో తిరిగి చెప్పే నియమం ఒక చిన్న విషయం మీద ఆడి చూడండి, పండక్కి ఎవరింటికి వెళ్ళాలి లాంటిది. పెద్ద గొడవ తీసుకోవద్దు. ఎదుటివాళ్ళన్నది మీరు ఎన్నిసార్లు మార్చి చెప్పారో గమనించండి. తర్వాత పై సంభాషణను మళ్ళీ చదివి, భార్య "నాకా సంగతి ఫోన్లో చెప్పలేదే" అన్న చోట మీరైతే ఏమనాలనిపించిందో ఒక కాగితం మీద రాసి, అందులో తీర్పులాంటి మాటల కింద గీత గీయండి. ఆ కాగితం దగ్గరుంచుకోండి. 5వ పాఠం విడిగా మాట్లాడినప్పుడు బయటపడే రహస్యాల గురించి. భర్తకు మరో సంబంధం ఉందని మీకొక్కరికే తెలిసినప్పుడు ఏం చేయాలన్నది అందులో చూద్దాం.