శంషాబాద్ నుంచి షికాగో ఎంత దూరం, ఎన్ని గంటలు? లెక్క కట్టే పద్ధతి

నల్లగొండలో మా బంధువుల ఇళ్ళల్లో ఎవరు అమెరికాకు బయలుదేరినా టికెట్ కాగితం ముందుగా నా చేతికే వస్తుంది. అందరూ తప్పే చోటు ఒక్కటే కనుక ఈ పద్ధతి రాసి పెడుతున్నాను.

కావలసినవి ఒక గ్లోబు, దారం, స్కేలు, టికెట్. గోడకు వేలాడే పటం పనికిరాదు. గుండ్రని భూమిని బల్లపరుపుగా పరచిన పటంలో షికాగో దారి అట్లాంటిక్ మీదుగా పడమటికి పోతున్నట్టు కనిపిస్తుంది. గ్లోబుపై హైదరాబాద్ దగ్గర దారం అదిమిపట్టి షికాగో వరకు బిగించి లాగితే, అది ఉత్తరానికి తిరిగి, రష్యా దాటి, ఆర్కిటిక్ సముద్రాన్ని తాకి దిగుతుంది. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గ్లోబుపై ఒక సెంటీమీటరు సుమారు 425 కిలోమీటర్లు. దారం 31 సెంటీమీటర్లకు కొంచెం పైన వస్తుంది, అంటే దాదాపు 13,300 కిలోమీటర్లు. ఫోనులో 8,250 అనో 7,170 అనో కనిపిస్తే దూరం తగ్గిందనుకోకండి. మొదటిది మైళ్ళు, రెండవది ఓడలకూ విమానాలకూ వాడే నాటికల్ మైళ్ళు.

విమానం గంటకు సుమారు 850 కిలోమీటర్లు పోతుందనుకుని దూరాన్ని 850తో భాగించి, విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ అరగంట కలపాలి. 2,550 కిలోమీటర్ల దుబాయికి మూడున్నర గంటలు, షికాగోకు ఆగకుండా వెళ్తే పదహారు గంటల పైచిలుకు వస్తుంది. దుబాయిలో మారి వెళ్తే దూరం సుమారు 900 కిలోమీటర్లు పెరుగుతుంది, అక్కడ కూర్చునే సమయం వేరు.

ఇక అందరూ బోల్తా పడే మెట్టు. టికెట్‌పై బయలుదేరే సమయం ఇక్కడి గడియారంలో, దిగే సమయం అక్కడి గడియారంలో ఉంటుంది. శంషాబాద్‌లో మధ్యాహ్నం 12:50కి ఎక్కి షికాగోలో అదే రోజు సాయంత్రం 6:05కు దిగినట్టు ఉన్న టికెట్ చూసి, మా మేనత్త "అయిదు గంటల్నే అమెరికానా బిడ్డా!" అని సంబరపడింది.

రెండు సమయాలనూ గ్రీనిచ్ కాలంలోకి, అంటే ప్రపంచ గడియారాలకు కొలమానంగా తీసుకునే కాలంలోకి, మార్చమని కొందరు చెబుతారు. అలా చేస్తే రెండుసార్లు తప్పే అవకాశం ఉంటుంది కాబట్టి, దిగే సమయాన్ని మాత్రమే, అదీ మన కాలంలోకే మార్చాలి. చలికాలంలో షికాగో మనకన్నా 11:30 గంటలు వెనుక. సాయంత్రం 6:05కు ఆ 11:30 కలిపితే మనకు మరునాడు ఉదయం 5:35 అవుతుంది; మరునాటిది కనుక దానికి 24 కలిపి 29:35 చేసి, అందులోంచి 12:50 తీసివేస్తే 16:45 గంటలు. మన అంచనాకన్నా కొంత ఎక్కువే, ఎందుకంటే తిన్నగా సాగిన దారంలా ఏ విమానమూ పోదు.

తేడా ఏడాది పొడవునా ఒకటే అనుకోవడం రెండో పొరపాటు. మార్చి రెండవ ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు అక్కడి గడియారాలు ఒక గంట ముందుకు జరిగి ఉంటాయి కనుక తేడా 10:30కి తగ్గుతుంది. మనకూ దుబాయికీ ఆ బెడద లేదు. వాళ్ళు మనకన్నా ఎప్పుడూ గంటన్నర వెనుకే.

తిరుగు ప్రయాణంలో తేదీని మరింత జాగ్రత్తగా చూడాలి. జనవరి 12న రాత్రి 9:30కి అక్కడ ఎక్కితే ఇక్కడ దిగేది 14వ తేదీ 00:40కి అని ఉంటుంది. టికెట్‌పై ఉన్న ఈ రెండు సమయాల మధ్య తేడా 27:10 గంటలు; అందులోంచి 11:30 తీసివేస్తే ప్రయాణం 15:40 గంటలు. ఆ 00:40 అర్ధరాత్రి దాటిన నలభై నిమిషాలు. కాబట్టి నల్లగొండ నుంచి కారు బయలుదేరవలసింది 14న కాదు, 13వ తేదీ రాత్రి, అన్నాలు తినగానే.